ఇంకోటుందన్న లోవమ్మ

అనగా అనగా, మీ తాతలకి తాత ఇంకా ఉయ్యాల్లో కాళ్ళాడిస్తున్న రోజుల్లో, గోదారి ఉప్పునీళ్ళలో కలిసే చోట, మడచెట్ల మధ్య ఒక రేవుండేది. ఆ రేవులో ఓడలు కట్టేవారు. ఇనప ఓడలు కాదర్రా, కర్ర ఓడలు. సర్దుకుని కూచోండి, నాకు రెండుసార్లు చెప్పే ఓపిక లేదు. నలభై ఏళ్ళు ఓడ సందులు కూరిన నడుం ఇది. మధ్యలో ఎవడైనా ఆవులించాడా, కథ అక్కడే ఆపేసి నేనూ పడుకుంటాను.

ఓడకి ఒళ్ళుంటుంది, మనకున్నట్టే. అడుగున ఈ కొస నించి ఆ కొస దాకా పడుకునే పెద్ద దూలం వెన్ను. వెన్ను మీంచి రెండు పక్కలా వంగి పైకి లేచేవి పక్కటెముకలు. ముందు నీళ్ళని చీల్చేది ముక్కు కొయ్య. వెనక చుక్కానిని మోసేది తోక కొయ్య. ఎముకల్ని వెన్నుకి అదిమిపట్టి లోపల పడుకునేది తోడువెన్ను. తెరచాప స్తంభం పాదం మోపేది పీట. అడ్డదూలాలూ ఎముకలూ కలిసే మూలల్లో మోకాళ్ళుంటాయి, వాటిని చెట్టు వంపులోంచే కోసుకు రావాలి, నిటారు కర్రని వంచితే నిలవదు. నడుం చుట్టూ దళసరి పలకల నడికట్టు. ఇలా ప్రతి కర్రకీ ఒక పేరు. ఎవరు పెట్టారంటే ఎవరికీ తెలీదు. ముందునించీ ఉన్నాయి, అంతే.

ఓడ తయారయ్యాక, నీళ్ళలోకి తోసే ముందు, పేర్లు పిలిచేవారు. పెదమేస్త్రి ఓడ ముక్కు దగ్గర నేల మీద నిలబడి, తలపాగా సర్దుకుని, ఒక్కో కర్రనీ పేరు పెట్టి పిలుస్తాడు. లోపల ఒక మనిషి కొయ్యసుత్తి పట్టుకుని పాకుతూ ఉంటుంది. పేరు వినపడగానే ఆ కర్ర మీద ఒక్క దెబ్బ కొట్టాలి. ఠంగుమంటే గట్టిది. దుబ్బుమంటే పుచ్చింది. ఠంగుమంటే లోపలి మనిషి "ఉంది!" అని కేకెయ్యాలి. అప్పుడు పెదమేస్త్రి రెండో పేరు పిలుస్తాడు. ఏ ఒక్కటి దుబ్బుమన్నా ఓడ కదలడానికి వీల్లేదు. ఆ కర్ర తీసి కొత్తది వెయ్యాల్సిందే. షావుకారు నెత్తీ నోరూ కొట్టుకున్నా సరే, ఆ రేవులో అదే కట్టు.

"వెన్నూ!"

ఠంగు. "ఉంది!"

"ముక్కు కొయ్యా!"

ఠంగు. "ఉంది!"

"పీటా!"

ఠంగు. "ఉంది!"

ఇలా పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నం దాటేది. ఆ లోపలి మనిషే లోవమ్మ.

లోవమ్మ సందులు కూరే మనిషి. పలకకీ పలకకీ మధ్య దూది కూరి, గుగ్గిలమూ నూనే కాచి పూసే పని. సన్నగా, ఎండిన చేపలా ఉండేది పాపం, అందుకే ఎవరూ దూరలేని సందులోకి ఆవిణ్ణి దూర్చేవారు. అంతకు ముందు పాకిన మనిషికి మోకాళ్ళు పోయాయి. "లోవమ్మా, నువ్వైతే ఆ సందులో పట్టేస్తావే" అన్నారు. పట్టింది. పదకొండేళ్ళు పాకింది. పేరు వినపడటం, చెయ్యి లేవటం, దెబ్బ పడటం. ఆఖరికి ఎలా అయిపోయిందంటే, ఇంట్లో పక్కింటావిడ పిల్లల్ని పేరు పెట్టి పిలిచినా ఈవిడ చెయ్యి ఉలిక్కిపడి నేల మీద ఒకటి కొట్టేది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వేవారు. ఆవిడా నవ్వేది, ఓపికుంటే.

ఆవిడకున్న సరదా ఒక్కటే, చుట్ట. అడ్డచుట్ట కాల్చేది, నిప్పు లోపలికి పెట్టుకుని. కానీ ఓడలో గుగ్గిలం, నూనె, దూది. నిప్పు కనపడితే చాలు, అంతా బూడిద. అందుకని పనికి పిలిచినప్పుడల్లా సగం కాల్చిన చుట్టని ఆర్పి కొప్పులో దోపుకునేది. "ఎప్పటికైనా ఒక చుట్ట కూచుని మొదటి నించీ చివరి దాకా కాల్చాలర్రా" అనేది. అడిగిందల్లా అంతే. ఒక్క చుట్ట కాలినంత సేపు కూచోవటం. అంత సేపు ఎవరిచ్చారు ఆవిడకి? నాకూ ఎవరూ ఇవ్వలేదు, కానీ ఇది నా కథ కాదు.

సరే, వినండి. వెన్నూ తోక కొయ్యా కలిసే మూల ఒకటుంది. అక్కడ ఓడ ఒళ్ళు సన్నబడిపోయి, మనిషి పట్టనంత ఇరుకవుతుంది. ఆ మూలలో ఖాళీ ఉంటే తోక ఊగుతుందని, ఒక మొద్దు తెచ్చి దిగ్గొట్టి, రెండు పక్కలా పలకలు మూసేసేవారు. దానికి పేరు లేదు. "ఆ మూలలో ఏదో ఒకటి పడెయ్యండ్రా" అనేవారు. పేరు లేదు కాబట్టి పిలుపు లేదు. పిలవనిదాన్ని కొట్టకూడదు, కాబట్టి పరీక్ష లేదు. పరీక్ష లేనిదానికి టేకెందుకని, మామిడి మొద్దు వేసేవారు. వెన్ను టేకు, ఎముకలు టేకు, మోకాళ్ళు తుమ్మ, మూలలో మామిడి. ఓడ కట్టడానికి ఏడాదో రెండేళ్ళో, పెద్దదైతే మూడేళ్ళు పట్టేది. అన్ని వానాకాలాల నీళ్ళూ ఓడలో పడి, వాలుకి జారి జారి, ఆ మూలలోనే నిలిచేవి. మామిడి సంగతి మీకు తెలుసు కదా, తడి తగిలితే చాలు.

అది లోవమ్మకి తెలుసు. ఆ మూలలో దూది కూరడానికి వెళ్ళేది ఆవిడొక్కతే.

మొదటి ఓడ. పెదమేస్త్రి భద్రాచారి పేర్లన్నీ పిలిచాడు. లోవమ్మ అన్నీ కొట్టింది. చివరి పేరైపోయాక ఆయన కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. లోపల్నించి చిన్న గొంతు వచ్చింది.

"ఇంకోటుందండి."

"ఏటే అది?"

"తోక మూలలో మొద్దండి. వేలెడితే దిగుతోందండి."

"దాని పేరేటి?"

"పేరు లేదండి."

"పేరు లేందాన్ని ఎలా పిలవనే? మా తాత పిలిచిన పేర్లు మా నాన్న పిలిచాడు, మా నాన్న పిలిచినవి నేను పిలుస్తున్నా. అందులో అది లేదు. లేందాన్ని కలిపితే ఉన్నవి కూడా చెడతాయి. బయటికి రా."

భద్రాచారి చెడ్డోడు కాదర్రా. అది గుర్తు పెట్టుకోండి. ఒక్క చీల వంకరగా దిగితే రాత్రంతా నిద్దరపోని మనిషి. పేర్లు మర్చిపోతానేమోనని రోజూ స్నానం చేస్తూ మొత్తం అప్పజెప్పుకునేవాడు. ఆ పేర్లే ఆయన దేవుళ్ళు. పేరులో ఉన్నదాన్ని ప్రాణం పెట్టి చూసుకునేవాడు. పేరులో లేనిది ఆయన కంటికి ఆనేది కాదు.

లోవమ్మ బయటికొచ్చింది. అలిసిపోయిందర్రా. అలిసిపోయిన మనిషి ఎంత సేపు వాదిస్తుంది? ఓడ వెళ్ళింది, ఆర్నెల్లకి తోక ముంచుకుని ఈడ్చుకుంటూ వచ్చింది. లోపల నడుం లోతు నీళ్ళు. "సందులు సరిగ్గా కూరలేదు" అన్నారు. ఎవర్ని అన్నారు? లోవమ్మనే. మళ్ళీ చీర బిగించి, మళ్ళీ దూరి, అన్ని సందులూ మళ్ళీ కూరింది. ఆర్పిన చుట్ట కొప్పులోనే ఉంది.

రెండో ఓడ. ఈసారి ఆ ఓడ మీద తాళ్ళూ తెరచాపలూ చూసే కలాసీగా వెళ్ళేవాడు లోవమ్మ మొగుడు పోలయ్య. పేర్లన్నీ అయ్యాయి.

"ఇంకోటుందండి."

"మళ్ళీ మొదలెట్టావా?"

"ఇది మరీ మెత్తగుందండి. నా ఇంటాయన ఎక్కుతున్నాడండి."

"అందరి ఇంటాయనలూ ఎక్కుతున్నారే! నీకొక్కదానికేనా భయం? రా బయటికి, పోటు తగ్గిపోతోంది."

పోలయ్య కూడా ఓడ పక్కన నిలబడి, "రావే, నలుగురిలో నవ్వులపాలు చెయ్యకే" అన్నాడు. వచ్చింది. పోలయ్య చేతికి ఎండుచేపల మూట ఇచ్చింది. ఓడ వెళ్ళింది.

ఆ ఓడ రాలేదు.

తుపానన్నారు. అవును, తుపాను వచ్చింది. అదే తుపానులో పక్క రేవు ఓడలు రెండు చిరిగిన తెరచాపలతో ఇల్లు చేరాయి. ఇది చేరలేదు. లోవమ్మ ఏడాది పాటు రోజూ సాయంత్రం ఇసక మీదకి వెళ్ళి నీళ్ళకేసి చూసొచ్చేది. ఆ తరవాత మానేసింది. ఏడవటానికి కూడా ఓపికుండాలి కదా అమ్మా. మర్నాడు పొద్దున్నే మళ్ళీ దూదీ, మళ్ళీ గుగ్గిలం.

మూడో ఓడ. అందరిలోకీ పెద్దది. మూడు వానలు తిన్నది. దాని మీద కలాసీగా చేరినవాడు గవరయ్య, లోవమ్మ కొడుకు. ఒక్కగానొక్కడు. కొత్తగా పెళ్ళయింది వాడికి. కొత్త పంచె కట్టుకుని, మీసం దువ్వుకుని, ఓడ చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు.

అమావాస్య పోటు. ఆ పోటు తప్పితే మళ్ళీ పున్నమి దాకా అంత నీళ్ళు రావు. షావుకారు మేళం పెట్టించాడు. కొబ్బరికాయలు తెచ్చారు. ఊరంతా ఒడ్డున ఉంది. తాళ్ళు పట్టుకుని వందమంది నిలబడ్డారు. భద్రాచారి తలపాగా సర్దుకుని పిలిచాడు.

"వెన్నూ!"

ఠంగు. "ఉంది!"

"ముక్కు కొయ్యా!"

ఠంగు. "ఉంది!"

"పీటా!"

ఠంగు. "ఉంది!"

అన్నీ అయ్యాయి. మేళం వాళ్ళు సన్నాయిలు నోట పెట్టుకున్నారు. లోపల్నించి గొంతు వచ్చింది.

"ఇంకోటుందండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. భద్రాచారి కళ్ళు మూసుకున్నాడు. "లేదు. రా."

"రానండి."

"ఏటీ?"

"ఇంకోటుందండి. అది పిలిస్తేనే వస్తానండి."

లోపల మనిషుండగా ఓడని తొయ్యకూడదు. అదీ కట్టే. చూడండి, తోక మూలలో ముడుచుకుని కూచుంది. నిటారుగా కూచునే చోటు లేదక్కడ, తల మోకాళ్ళ మీద పెట్టుకోవాలి. పైన ఎండ, లోపల గుగ్గిలం ఘాటు, కింద మూడేళ్ళ మురుగు. మనిషి బతికే చోటు కాదు. షావుకారు అరిచాడు. సరంగు, అంటే ఓడ నడిపే పెద్ద, బతిమాలాడు. ఆఖరికి గవరయ్యని పంపారు. వాడు సగం దూరి, భుజాలు పట్టక ఆగిపోయాడు.

"అమ్మా, పరువు పోతోందే. అందరూ చూస్తున్నారు. బయటికి రా."

"మీ నాన్న పరువుతోనే ఎల్లాడురా."

"అమ్మా!"

"ఒరే నాయనా, నాకు ఓపిక లేదు. నీతో వాదించే ఓపిక అసలే లేదు. నేను చెప్పింది రెండుసార్లు వినలేదు వీళ్ళు. ఒకసారి నన్ను తిట్టారు, ఒకసారి మీ నాన్నని మింగారు. ఈసారి నువ్వు. నువ్వు పోతే నాకు ఎవరున్నార్రా? ఎవరి కోసం పాకాలి నేను? ఎల్లు, నీళ్ళు తీసుకురా."

వాడు నీళ్ళు తెచ్చిచ్చాడు. ఇచ్చి, వెనక్కి జరిగి, ఎముకల మధ్య కూలబడ్డాడు. అప్పుడు భయమేసింది వాడికి, మొదటిసారి.

పోటు తగ్గింది. మర్నాడు పోటు వచ్చింది, తగ్గింది. అమావాస్య నీళ్ళు రోజు రోజుకీ కిందకి జారుతున్నాయి. లోవమ్మ రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం, ఇంక ఆ ఒక్క పోటే మిగిలుండగా, భద్రాచారికి సహనం తెగిపోయింది. మూడు రోజులుగా తిండి సయించలేదు ఆయనకి కూడా. ఓడ ముక్కు దగ్గరికి పరుగున వచ్చి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి, గొంతు చించుకుని అరిచాడు.

"లోవమ్మా!"

పదకొండేళ్ళ అలవాటర్రా. ఆ చోటు నించి, ఆ గొంతుతో ఒక పేరు వినపడింది. లోవమ్మ మగతలో ఉంది. చెయ్యి దానంతటదే లేచింది. ఎదురుగా ఉన్నదాని మీద దెబ్బ పడింది.

దుబ్బు.

ఒడ్డున ఉన్న ఊరంతా విన్నది ఆ చప్పుడు. వందమంది తాళ్ళ మనుషులు విన్నారు. వాళ్ళలో ముసలాళ్ళకి పుట్టి బుద్ధెరిగాక ఆ చప్పుడు వినపడటం అదే రెండోసారో మూడోసారో. సన్నాయి వాడు నోట్లోంచి సన్నాయి తీసేశాడు.

భద్రాచారి చెవులు కర్రతో పుట్టిన చెవులు. తప్పు విన్నానేమో అనుకున్నాడు. ఈసారి మెల్లిగా, భయం భయంగా పిలిచాడు.

"లోవమ్మా..."

దుబ్బు.

ఇంక అనుమానం లేదు. తాత పిలిచిన పేర్లు, నాన్న పిలిచిన పేర్లు, అన్నీ ఆయన మనసులో తిరిగుంటాయి. తరవాత ఏం చేశాడో చెప్పనా? జారిపోయిన తలపాగా తీసి, మళ్ళీ మొదటి నించీ చుట్టుకున్నాడు. కాళ్ళు దగ్గరికి పెట్టుకుని నిలబడ్డాడు. వెన్నుని ఎలా పిలుస్తాడో, ముక్కు కొయ్యని ఎలా పిలుస్తాడో, అలా, నిండు గొంతుతో, మూడోసారి పిలిచాడు.

"లోవమ్మా!"

దెబ్బ పడింది. ఈసారి చప్పుడే రాలేదు. సుత్తి మొద్దులోకి దిగి ఇరుక్కుపోయింది.

"ఉందండి," అంది లోపల్నించి. "పుచ్చి ఉందండి."

పిలిచిన పేరుకి దుబ్బుమంటే ఓడ కదలకూడదు. కట్టు అదే కదా. భద్రాచారి తన నోటితోనే పిలిచాడు. ఇంక షావుకారు కూడా మేళాన్ని ఇంటికి పంపేశాడు.

లోవమ్మ ఎలాగో సందులోంచి పాకి వస్తే, చేతుల మీద బయటికి తెచ్చారు. మూల పలకలు ఊడదీశారు. మొద్దు ఎక్కడుంది? దోసిళ్ళతో తోడారు, తడిసిన పిండిలా వచ్చింది. వాసనకి నలుగురు అవతలకి పోయారు. భద్రాచారి ఒక దోసెడు తీసుకుని, దాన్ని చూస్తూ లోవమ్మ పక్కన నేల మీద కూలబడ్డాడు. పెదమేస్త్రి నేల మీద కూచోవటం ఎవరూ చూడలేదు అంతవరకూ.

"పోలయ్య ఎక్కిన ఓడలోనూ ఇదేనా?"

"ఇదేనండి."

"చెప్పావు కదే."

"చెప్పానండి."

ఆయన ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు. "ఇప్పుడు టేకు వెయ్యండి బాబూ, అది చాలు" అంది.

రేవులో టేకు మిగల్లేదు. భద్రాచారి తన కొత్తింటి గుమ్మానికని నాలుగేళ్ళుగా దాచుకున్న దుంగ ఒకటుంది. దాన్ని బండి మీద తెప్పించాడు. వేరే ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. తనే చెక్కాడు, తనే కొలిచాడు, తనే దిగ్గొట్టాడు. పన్నెండు రోజులు పట్టింది. ఇల్లు గుమ్మం లేకుండానే ఉండిపోయింది.

లోవమ్మని ఓడ నీడలో చాప వేసి పడుకోబెట్టారు. కోడలు గంజి పట్టేది. ఆవిడకి రొమ్ములో గుగ్గిలం ఘాటు పట్టేసింది, ఊపిరి తీస్తే ఈల వచ్చేది. పైన చెక్కుతున్న చప్పుడు వింటూ పడుకునేది. మధ్య మధ్య కళ్ళు తెరిచి, "అయిందా?" అనేది. "ఇంకా లేదమ్మా." "అయితే లేపండి. పాకాలి కదా." అలా అని మళ్ళీ కళ్ళు మూసుకునేది.

పున్నమికి రెండు రోజుల ముందు గవరయ్య పక్కన కూచుని అడిగాడు. "అమ్మా, చుట్ట వెలిగించనా? ఇప్పుడు పనేం లేదుగా."

కొప్పులో తడిమి, సగం చుట్ట తీసి, వాసన చూసుకుంది. ఓడకేసి చూసింది. "ఇంకోటుంది కదరా," అంది. "అది అయ్యాక."

చుట్ట మళ్ళీ కొప్పులో దోపుకుంది. అటు తిరిగి పడుకుంది. మరి లేవలేదు.

చెప్పడానికి నాకే నోరు రావటం లేదు. ఒక్క చుట్టర్రా. ఒక్క సగం చుట్ట. ఎవరో ఒకరు బలవంతంగానైనా వెలిగించి నోట్లో పెట్టాల్సింది. నాకు ఇప్పటికీ ఆ గవరయ్య మీద కోపమే.

పున్నమి పోటు. మేళం లేదు ఈసారి. భద్రాచారి పిలిచాడు, లోపల పాకిన మనిషి గవరయ్య. పన్నెండు రోజులు గంజి నీళ్ళు తప్ప ముట్టలేదేమో, మనిషి సగమయ్యాడు, ఇప్పుడు పట్టాడు ఆ సందులో. వెన్ను ఠంగుమంది. ముక్కు కొయ్య ఠంగుమంది. పీట ఠంగుమంది. తోడువెన్ను, మోకాళ్ళు, నడికట్టు, అన్నీ అయ్యాయి.

"లోవమ్మా!"

చప్పుడు లేదు.

"లోవమ్మా!"

చప్పుడు లేదు. గవరయ్యకి చెయ్యి లేవటం లేదు. తన తల్లిని పేరెట్టి పిలుస్తుంటే, ఆవిడ కూచున్న చోట, ఆవిడ సుత్తి పట్టుకుని కూచున్నాడు. అరచేతి చెమటకి నునుపెక్కిన పిడి అది. వాడికి ఆ పిడి వేడిగా ఉన్నట్టే అనిపించింది. బయట భద్రాచారి మూడోసారి పిలిచాడు.

"లోవమ్మా!"

ఠంగు.

అంత గట్టి చప్పుడు ఆ రేవు అంతకు ముందు విన్లేదు. ఇంక కట్టు ప్రకారం లోపలి మనిషి మాట చెప్పాలి. గవరయ్య వెక్కుతూ, నోరు పెద్దది చేసుకుని అరిచాడు.

"ఉంది!"

ఒడ్డున ఆడవాళ్ళు కొంగులు నోట కుక్కుకున్నారు. వందమంది తాళ్ళు బిగించారు. అప్పుడు భద్రాచారి చెయ్యెత్తి, "ఆగండ్రా" అన్నాడు. కోడలి దగ్గర ఆ సగం చుట్ట తీసుకున్నాడు. ఓడకి దూరంగా, తోక ఎదురుగా, ఇసకలో గుచ్చి వెలిగించాడు. "ఇది కాలినంత సేపూ ఎవరూ పని ముట్టుకోవద్దు. అందరూ కూచోండి" అన్నాడు. కూచున్నారు. మేస్త్రీలు, కలాసీలు, సందులు కూరే ఆడవాళ్ళు, తాళ్ళ మనుషులు. షావుకారు నిలబడే ఉంటే భద్రాచారి ఆయనకేసి చూశాడు. ఆయన కూడా పట్టు అంచు పంచెతో బురదలో కూచున్నాడు. పోటు పొంగుతోంది. ఎవరూ లేవలేదు. చుట్ట చివరి దాకా కాలింది.

అప్పుడు ఓడని తోశారు.

ఆ ఓడకీ తుపాను వచ్చింది. స్తంభం విరిగింది, చుక్కాని పోయింది, తెరచాపలు పీలికలయ్యాయి. తోక మాత్రం కదల్లేదు. ఎనిమిది నెలలకి గవరయ్య ఇల్లు చేరాడు. వాడికి అప్పటికే ఆడపిల్ల పుట్టింది. ఏం పేరు పెట్టాడో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ రేవులో ఓడలు తగ్గిపోయాయి. ఏడాదికి ఒకటో, రెండో. కట్టినప్పుడు మాత్రం ఇప్పటికీ పేర్లు పిలుస్తారు. తోక మూలలో మొద్దుకి అందరికంటే మంచి టేకు ఏరతారు. పేరు లోవమ్మ. ఆఖరున పిలుస్తారు, మూడుసార్లు పిలుస్తారు, లోపలి మనిషి మూడోసారికే కొడుతుంది. తరవాత ఇసకలో ఒక చుట్ట గుచ్చి వెలిగిస్తారు. అది కాలినంత సేపు అందరూ నేల మీద కూచోవాలి. ఎంత పెద్ద షావుకారైనా సరే.

ఓడలు చూడని వాళ్ళిళ్ళల్లో కూడా మా వేపు ఒక మాటుంది. గిన్నెలు కడిగేసి, పొయ్యి అలికేసి, అంతా అయిపోయిందని చేతులు దులుపుకునే కోడల్ని అత్త అడుగుతుంది, "లోవమ్మని పిలిచావా?" అని. అంటే, ఎవరూ చూడని మూల చూశావా అని. పిలిచానంటే, "అయితే కూచో తల్లీ, కాసేపు" అంటుంది. ఆ రెండోది చాలామంది అత్తలు మర్చిపోతారు. మీరు మర్చిపోకండి.

కథ రేవు దాటిపోయింది, నేను నడుం వాలుస్తాను. ఎవరక్కడ, ఆ చుట్ట ఇటివ్వండి. అగ్గిపెట్టె కూడా.